లిఫ్టాయన విన్న కానీ

లిఫ్టాయన చెప్పే కబుర్లలో సగం అబద్ధాలని ఆయన భార్య అంటుంది. మిగతా సగం సంగతేమిటని అడిగితే, అవి ఇంకా విచారణలో ఉన్నాయంటుంది.

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ అది గుర్తింపు కార్డు దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. లిఫ్టులు బాగుచేస్తాడు కాబట్టి లిఫ్టాయన. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు మొదట దేవుణ్ణి పిలుస్తారు, తర్వాత ఈయన్ని పిలుస్తారు. ఈయన దగ్గర ఫోనుంది కాబట్టి ముందు ఈయనే పలుకుతాడు.

ఒకసారి ఒక పాత మేడలో లిఫ్టు రెండంతస్తుల మధ్య అలిగి కూర్చుందట. ఈయన మేడపైన మెషీన్ రూంలోకి వెళ్ళి, మెయిన్ స్విచ్చి కట్టేసి, బ్రేకు లివరు ఎత్తిపట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టుతో మంచిగా మాట్లాడాడట. "నీకేం లోటు చేశామే? నూనె పొయ్యలేదా, తాడు మార్చలేదా?" అంటే అది సిగ్గుపడి దిగొచ్చిందట. లోపలున్న భార్యాభర్తలు ఎక్కినప్పుడు విడాకుల కోసం వకీలు దగ్గరికి బయల్దేరినవాళ్ళు. ఈయన తలుపు తీసేసరికి, "అప్పుడే తీశారేంటండీ" అని విసుక్కున్నారట. ఈ కథలో మెయిన్ స్విచ్చి వరకూ నిజమేనని ఆయన భార్య ఒప్పుకుంది.

ఆయనకి లోకంలో ఒక్కడే శత్రువు. మూసుకుంటున్న లిఫ్టు తలుపులో కాలు పెట్టేవాడు. తలుపు పాడయ్యేది అక్కడేనట, తన నడుం పడిపోయేదీ అందుకేనట. పైన పనిచేస్తూ కింద తలుపు టకటకలాడిన శబ్దం వింటే చాలు, లిఫ్టు గొయ్యిలోకి తల వంచి, "తలుపులో కాలు పెట్టిందెవరయ్యా?" అని కేకేస్తాడు. ఆ కేకకి కింద అంతస్తులో పాల గిన్నె దొర్లిందని ఆయనే చెప్పుకుంటాడు, గర్వంగా.

ఇంత నోరున్న మనిషికి ఒకే ఒక్కచోట నోరు పెగిలేది కాదు. అల్లుడి ఎదుట.

అల్లుడు కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తాడు. రోజంతా చీకటి గదిలో కూర్చుని, మనుషుల ముక్కు మీద అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడుగుతుంటాడు. నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదంటే, పెళ్ళిలో అతను నవ్వుతాడేమోనని ఎదురుచూసీ చూసీ ఫోటోలాయన పెళ్ళికొడుకును వదిలేసి పూలకుండీని ఫోటో తీసుకున్నాడని లిఫ్టాయన చెబుతాడు. మామగారు విడాకుల లిఫ్టు కథ చెబితే అల్లుడు శ్రద్ధగా విని, "బాగుందండీ" అన్నాడు. ఇంకో ముద్ద పెట్టుకోమంటే, "పర్లేదండీ" అన్నాడు. పెళ్ళయి ఏడాది తిరిగిపోయింది. ఆ బాగుందండీకి, ఈ పర్లేదండీకి మధ్య మూడో మాట దొర్లలేదు. అల్లుణ్ణి నోరారా ఏరా అని పిలవాలని, అల్లుడు తనతో ఎకసెక్కాలాడాలని లిఫ్టాయన కోరిక. కానీ ఈయన మీరు అంటే అతను తమరు అనేటట్టున్నాడు.

"అతను మీతో మాట్లాడట్లేదని బెంగపడకండి. మీరు సందు ఇస్తే కదా" అంది భార్య. ఆవిడ ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. ముందుగది నిండా ఎవరెవరివో కిటికీలు మడతలు పడి ఉంటాయి.

ఆ కర్టెన్ల మధ్యనే ప్రతి ఆదివారం భూతాల సభ జరిగేది.

భూతాలంటే భయపెట్టేవి కావు. అదొక వీడియో గేము. బుల్లి బుల్లి భూతాల్ని పట్టుకోవాలి, పెంచాలి, పోటీకి దించాలి. చిన్నగా పుట్టిన భూతం బలం పుంజుకున్నాక ఒక్కసారి మెరిసి ఇంకో రూపంలోకి ఎదుగుతుంది, మళ్ళీ కొన్నాళ్ళకి ఇంకోదాంట్లోకి. ఆ ఆటలో భాగం తర్వాత భాగం వస్తూనే ఉంది. చిన్నప్పుడు మొదటి భాగం ఆడినవాళ్ళు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తూ కొత్త భాగాన్ని తిట్టుకుంటూ ఆడుతున్నారు. కూతురూ అల్లుడూ కలుసుకున్నదే ఈ ఆట పోటీలో. వాళ్ళు అద్దెకున్న గదిలో మంచం పడితే మనిషి పట్టడు, మనిషి పడితే తలుపు పట్టదు. అందుకని స్నేహితుల్ని వెంటేసుకుని ఇక్కడికి వచ్చేవారు.

"పట్టుకున్నాక ఏం చేస్తారే?" అని తల్లి అడిగింది ఒకసారి, నోట్లో గుండుసూదులతోనే.

"ఇంకోదాన్ని పట్టుకుంటామమ్మా" అంది కూతురు.

తల్లి ఇక అడగలేదు. లిఫ్టాయన మాత్రం అర్థం చేసుకుందామని కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. అక్కడ అల్లుడు మాట్లాడేవాడు మరి. అదే ఆశ్చర్యం. పర్లేదండీ తప్ప పలకని మనిషి, కొత్త భాగంలో గడ్డి రంగు గురించి ఊపిరి తీసుకోకుండా మాట్లాడేవాడు.

వచ్చే స్నేహితులు ఇద్దరు. ఒకడు పళ్ళ డాక్టరు దగ్గర సహాయకుడు. మొదటి భాగం తప్ప మిగతావన్నీ దండగ అంటాడు కాబట్టి లిఫ్టాయన అతనికి మొదటిభాగం అని పేరు పెట్టాడు. రెండో ఆమె బడిలో డ్రాయింగు టీచరు. ఆ ఆటలో రెండు కళ్ళున్న గొడుగు ఒకటి ఉంది. అది కూడా ఒక భూతమేనని ఆవిడ వాదన. అందుకని గొడుగమ్మ.

"గొడుక్కి రెండు కళ్ళు అతికించి భూతమంటే ఎలా ఒప్పుకోవాలి? గీసేవాళ్ళకి ఒళ్ళొంగక" అనేవాడు మొదటిభాగం.

"మీ మొదటి భాగంలో ఏముంది? ఉత్త రాయి. రాయికి రెండు చేతులు. అది మాత్రం కళాఖండమా?" అనేది గొడుగమ్మ.

"రాయికి ఒక హుందాతనం ఉంది."

"గొడుగైతే వానొస్తే పనికొస్తుంది కదా" అని లిఫ్టాయన మధ్యలో ఒక మాట వేశాడు.

నలుగురూ ఆయన వంక చూశారు. అది ఏ పార్టీ మాటో వాళ్ళకీ తెలియలేదు, ఆయనకీ తెలియలేదు.

వీటన్నిటినీ మించిన గొడవ, అల్లుడు పెంచే మింకూ అనే భూతం. అది తడిసిన పిల్లికూనలా, గుప్పెడంత ఉంటుంది. తల మీద నిక్కబొడుచుకున్న రెండు చెవులు. అది ఎదిగితే మింకార్ అవుతుంది, అదీ ఎదిగితే మింకారోస్ అవుతుంది. కూతురు ఎదగనివ్వాలనే పార్టీ. అల్లుడు ఎదగనివ్వకూడదనే పార్టీ. కాపరం మొత్తం మీద ఆ దంపతులకి పడనిది ఈ ఒక్క విషయంలోనేనట.

"బలం పెరిగి ఎదుగుతానంటుంటే ఎర్ర మీట నొక్కి ఆపేస్తాడు నాన్నా. ప్రతిసారీ. బడిలో చదువుకునే రోజుల్నించీ అదే మింకూ. పాపం, దాని ఉసురు తగుల్తుంది" అంది కూతురు.

"దానికి అలాగే బాగుంది" అన్నాడు అల్లుడు.

"దాన్నడిగావా?"

"నువ్వడిగావా?"

లిఫ్టాయన మొహం అటూ ఇటూ తిప్పుతూ విన్నాడు. పైకి పోయేదాన్ని మధ్యలో ఆపడమేమిటో ఆయనకి మింగుడు పడలేదు. ఆయన బతుకంతా మధ్యలో ఆగినవాటిని కదిలించడంతోనే సరిపోయింది. కానీ ఆపేది అల్లుడు కాబట్టి ఏదో కారణం ఉండి ఉంటుందనుకున్నాడు. ఆ మింకూ చనిపోయినవాళ్ళెవరో ఇచ్చిన గుర్తేమోనని ఊహించుకుని రెండు రోజులు దిగులుపడ్డాడు కూడా. నోరు తిరగక దాన్ని మంకు అనేవాడు.

అలాంటి ఒక ఆదివారం, అందరూ లేచి చెప్పులు వేసుకుంటుండగా, అల్లుడు వెనక్కొచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"మావయ్యగారూ, మీతో చిన్న పనుందండీ."

లిఫ్టాయనకి కాళ్ళ కింద నేల ఒక అంతస్తు పైకి లేచినట్టయింది.

పనేమిటంటే, చిన్నవాళ్ళ కప్పు అని ఒక పోటీ జరగబోతోంది. అందులో ఎదగని భూతాల్నే రానిస్తారు. మింకూకి ఇంకాస్త బలం రావాలి. బలం రావడానికి, అడుగులు లెక్కపెట్టే కోడిగుడ్డంత డబ్బా ఒకటుంది. మింకూని అందులోకి ఎక్కించి నడుముకి తగిలించుకుని నడిస్తే, మోసేవాళ్ళు వేసే ప్రతి అడుగూ దానికి బలమే. అల్లుడు చూస్తే చీకటి గదిలో కుర్చీ దిగని మనిషి. మామగారు చూస్తే మేడలు ఎక్కి దిగే మనిషి.

"మీ అంత నడిచేవాళ్ళు నాకెవరూ తెలీదండీ" అన్నాడు అల్లుడు.

ఆ మాట లిఫ్టాయన వారం రోజులు అందరికీ చెప్పుకున్నాడు. మూడో రోజుకి అది, "మీ అంత నడిచేవాడు ఈ భూమ్మీద పుట్టలేదండీ" అయింది.

పని మొదలైంది. ఎప్పుడూ లిఫ్టులో పైకి వెళ్ళే మనిషి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. స్క్రూడ్రైవరు కావాలంటే మెషీన్ రూం నించి కిందికొచ్చేవాడు, తీసుకెళ్ళి సుత్తి కోసం మళ్ళీ వచ్చేవాడు. ఆయన పనిచేసే మేడల్లో ఒకదాని కాపలాదారు ఆయన టీ స్నేహితుడు. అతను రెండు రోజులు చూసి, "ఇంట్లో ఏమన్నా అన్నారా అన్నా?" అని అడిగాడు.

"అల్లుడి బిడ్డని మోస్తున్నా" అన్నాడు లిఫ్టాయన, నడుం దగ్గర డబ్బా తట్టి.

కాపలాదారు ఆయన పొట్ట వంక, ఆ తర్వాత మొహం వంక చూసి, ఎందుకొచ్చిన గొడవని టీ గ్లాసు చేతికిచ్చాడు.

ఆ మధ్యాహ్నమే ఫోను మోగింది. లిఫ్టాయన లిఫ్టు పెట్టె మీదికెక్కి తలుపు మోటారు చూడబోతున్నాడు. అల్లుడే.

"మావయ్యగారూ, ఒక సంగతి చెప్పడం మర్చిపోయానండీ. అది ఈపాటికి బలం పుంజుకుని ఉంటుంది. డబ్బా కుయ్‌కుయ్‌మంటుంది, లైటు మెరుస్తుంది."

"మెరిస్తే?"

"అదేనండీ. మెరిసి, ఎదుగుతానంటుంది. కానీ"

అంతే. లిఫ్టాయన ఎక్కిన పెట్టె ఒక అడుగు కిందికి జారింది, సిగ్నలు పోయింది. గొయ్యి లోపల ఫోనులు పలకవని ఆయనకి తెలియనిది కాదు. కానీ మాట పూర్తయిందో లేదో అన్న అనుమానం ఆయనకి లేశమైనా రాలేదు. చెవిలో ఆ చివరి మాటే తీయగా తిరుగుతోంది. చిన్నవాళ్ళ కప్పు సంగతి కూడా ఆ తీపిలో కొట్టుకుపోయింది. కానీ. కానివ్వండి అని కూడా కాదు. కానీ. చనువుగా, సొంత మనిషితో అన్నట్టు.

"విన్నావా?" అన్నాడు పైకెక్కి వచ్చి కాపలాదారుతో. "అల్లుడు నన్ను కానీ అన్నాడు."

"అలా అన్నాడా?" అన్నాడు కాపలాదారు, సానుభూతిగా.

"కానీ అన్నాడయ్యా. కానివ్వండి అనకుండా."

కాపలాదారుకి అందులో ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తల ఊపాడు.

సాయంత్రం దిగే ముందు ఆఖరి మెట్ల మలుపులో డబ్బా కుయ్‌మంది. బుల్లి తెర మీద మింకూ తెల్లగా మెరుస్తూ ఊగుతోంది. పక్కనే ఎర్ర మీట ఉంది. లిఫ్టాయన దాని జోలికి పోలేదు. మెట్టు మీద చతికిలబడి, డబ్బాని రెండు చేతుల్లో పట్టుకుని, "కానీ తల్లీ, కానీ" అన్నాడు. తెర ఒక్కసారి తెల్లబోయింది. మళ్ళీ వెలిగేసరికి పిల్లికూన పోయి, బారుకాళ్ళ జంతువొకటి నిలబడి ఉంది. దాని చెవులు చెంపల మీదికి వాలి ఉన్నాయి. కాపలాదారు వచ్చి చూసి, "అల్లుడి పోలికే" అన్నాడు.

ఆదివారం సభ నిండింది. లిఫ్టాయన డబ్బాని కర్టెను గుడ్డ ముక్కలో చుట్టి, పెళ్ళిచూపుల్లో పిల్లని తెచ్చినట్టు తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు.

అల్లుడు గుడ్డ విప్పి చూశాడు. డబ్బాని తిప్పి వెనకవైపు చూశాడు, అక్కడేమన్నా మింకూ దాక్కుందేమోనన్నట్టు.

"ఎదిగింది" అన్నాడు లిఫ్టాయన, అందరి మొహాలూ వెతుకుతూ.

మొదటిభాగం చేతిలో టీ కప్పు కింద పెట్టేశాడు. గొడుగమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూతురొక్కతే లేచొచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని ఊపింది. "నాన్నా, నువ్వు మా పార్టీయా? చెప్పనేలేదు."

"నేను ఏ పార్టీనే?"

"ఎంత గుంభనం అంకుల్ మీది" అన్నాడు మొదటిభాగం. "కుర్చీ వేసుకుని ఏమీ తెలీనట్టు వింటుంటే అమాయకులనుకున్నాం. ఆ రోజు గొడుగు పనికొస్తుందన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది."

"అందులో కుట్రేముంది? గొడుగు విషయంలో అంకుల్ మనసులో మాట అన్నారు" అంది గొడుగమ్మ.

"అంటే మీరిద్దరూ ఒకటి."

లిఫ్టాయనకి తల తిరిగిపోయింది. "నాకే పార్టీ లేదమ్మా. బాబు గారే కదా కానీ అన్నారు. ఫోనులో. ఎదుగుతానంటుంది, కానీ అని."

అల్లుడు మొదటిసారి తలెత్తాడు. "నేను కానీ అన్నాను మావయ్యగారూ. కానీ, కానీ అనలేదు."

గదిలో అందరూ ఆ వాక్యాన్ని ఎవరికి వాళ్ళు లోపల ఒకసారి చదువుకున్నారు.

"అంటే అన్నారా, అనలేదా?" అన్నాడు లిఫ్టాయన.

"అన్నానండీ. ఎదుగుతానంటుంది, కానీ మీరు ఎర్ర మీట నొక్కండి, అందామని. కానీ లైను పోయింది."

"ఈ చివరి కానీ ఏ కానీ?"

"అది ఇంకో కానీ అండీ."

"అసలు ఇందులో తేలాల్సింది ఒకటే" అన్నాడు మొదటిభాగం, వకీలులా లేచి నిలబడి. "ఏ అల్లుడైనా మావగారితో కానివ్వండి అంటాడు గానీ కానీ అంటాడా? అది విన్న వెంటనే అంకుల్‌కి తెలియాలి కదా, ఇది ఆ కానీ కాదని."

లిఫ్టాయన నేల చూపులు చూశాడు. "నాతో చనువొచ్చిందేమో అనుకున్నా" అన్నాడు, గొంతు తగ్గించి.

గుండుసూదుల మధ్య నించి ఆయన భార్య తలెత్తి చూసింది. మళ్ళీ కుట్టు మీదికి వంగింది.

అల్లుడు డబ్బాని జాగ్రత్తగా ఆయన చేతిలో పెట్టేశాడు. "పర్లేదండీ. మీ దగ్గరే ఉంచండి" అని చెప్పులు వేసుకున్నాడు. అంత పెద్ద పర్లేదండీ ఆ ఇంట్లో అంతకు ముందెప్పుడూ వినబడలేదు.

తర్వాతి ఆదివారం సభ జరగలేదు. కూతురొక్కతే వచ్చి, భర్తకి తలనొప్పిగా ఉందని చెప్పింది. నీ మొగుడికి తలనొప్పా, నా మీద కోపమా అని తండ్రి అడిగితే, "కోపం లేదు నాన్నా. అతనికి కోపం రావాలంటే ముందు చెప్పి పెట్టాలి" అంది. కప్పుకి వెళ్తున్నాడా అంటే, మింకూ లేకుండా దేనితో వెళ్తాడని ఎదురడిగింది.

లిఫ్టాయన ఫోనులు బాగుచేసే కొట్టుకి పోయి, ఎదిగినదాన్ని మళ్ళీ చిన్నది చేస్తావా అని అడిగాడు. కొట్టువాడు భూతద్దం పైకెత్తి, "మా ఆవిడా అదే అడుగుతోందండీ, నా పొట్ట చూసి" అన్నాడు.

అప్పుడు ఆయన బుర్ర ఆయన బుర్రలాగే పనిచేసింది. మెట్లు ఎక్కితే కదా అది ఎదిగింది. అయితే దిగితే తగ్గాలి. లిఫ్టుకి పైకీ కిందికీ వేరే మీటలుంటాయి. మనిషికి మెట్లే మీటలు. ఇంత తేలిక సంగతి చదువుకున్నవాళ్ళెవరికీ తట్టనందుకు జాలిపడి, ఆ పొద్దున్నించే పని మొదలుపెట్టాడు. పైకి లిఫ్టులో వెళ్ళడం, కిందికి మెట్ల మీద దిగడం. అడుగడుగునా డబ్బాకి చెబుతూ దిగేవాడు, "తగ్గు, తగ్గు" అని. ఎక్కేటప్పుడు దానికి పొరపాటున కూడా బలం రాకుండా లిఫ్టులో ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడేవాడు. మోకాళ్ళు ఎలా అరిచాయంటే, మెట్ల పక్క ఇంట్లోవాళ్ళు తలుపు బందులకి నూనె వేసుకున్నారని చెప్పుకున్నాడు.

"తగ్గిందా అన్నా?" అని కాపలాదారు రోజూ అడిగేవాడు.

"చెవులు చూడు. కాస్త లేచినట్టు లేవూ?"

కాపలాదారు కళ్ళు చికిలించి చూసి, లేచినట్టే ఉన్నాయనేవాడు. స్నేహం అంటే అదే కదా.

డబ్బాకి ఎక్కే అడుగూ దిగే అడుగూ ఒకటేనని చెప్పేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఒక మధ్యాహ్నం అది మళ్ళీ కుయ్‌మంది. తెర మెరిసింది. లిఫ్టాయన ఈసారి సంతోషంతో ఉక్కిరిబిక్కిరయ్యాడు, తగ్గుతోందని. వేలు ఎర్ర మీట దాకా పోయి ఆగిపోయింది. నొక్కితే ఎదగడం ఆగుతుంది సరే, మరి ఇది తగ్గడమైతే? నొక్కితే తగ్గడం ఆగిపోదూ? ఈ సందేహం తీరేలోపు తెర వెలిగింది. మేకపోతుకున్నంత కొమ్ములతో, తెర అంచుల్ని తన్నుతూ, మింకారోస్ నిలబడి ఉంది.

లిఫ్టాయన మెట్టు మీద కూలబడ్డాడు. కాపలాదారు వచ్చి చూసి, "తగ్గలేదు" అన్నాడు.

దాచి లాభం లేదనుకుని ఆయన నేరుగా కళ్ళద్దాల షాపుకి వెళ్ళాడు. అది ఒక మేడలో పై అంతస్తులో ఉంది. అల్లుడు ఆయన్ని చూసి కంగారుపడి, అలవాటు కొద్దీ చీకటి గదిలో పరీక్ష కుర్చీ చూపించాడు. ఈయనా కూర్చున్నాడు. అల్లుడి చేతులు వాటంతటవే ఆయన ముక్కు మీద బరువైన ఇనప అద్దాల చట్రం పెట్టి, ఎదురుగా అక్షరాల పలక వెలిగించాయి.

"ఇది బాగుందాండీ" అని ఒక అద్దం వేశాడు. "ఇది బాగుందాండీ" అని ఇంకోటి మార్చాడు.

"మొదటిది… కాదు, రెండోది. ఇంకోసారి వెయ్యండి బాబూ." మళ్ళీ చూశాడు. "రెండూ ఒకేలా ఉన్నాయి."

"చాలామంది అంతేనండీ."

చీకట్లో అద్దాల చట్రం పెట్టుకుని ఉంటే ఎదుటి మనిషి మొహం కనబడదు. లిఫ్టాయనకి అదే ధైర్యమిచ్చింది. "బాబూ, ఒకటి అడుగుతాను. ఆ మంకుని మీరు ఎందుకు ఎదగనివ్వలేదు? ఎవరన్నా పోయినవాళ్ళు ఇచ్చిందా?"

"లేదండీ. నేనే పట్టుకున్నాను."

"మరి ఏదన్నా ఒట్టా?"

"కాదండీ." అల్లుడు ఒక అద్దం తుడిచి పక్కన పెట్టాడు. "ఎదిగితే చెవులు వాలిపోతాయండీ. అది నాకు నచ్చదు."

"అంతేనా?"

"అంతేనండీ."

లిఫ్టాయన ఎదురుచూశాడు, ఇంకేదన్నా వస్తుందేమోనని. రెండు చెవులు. రెండు చెవుల కోసం ఒక మనిషి బడి రోజుల నించీ మీట నొక్కుతూ వచ్చాడు. అది చిన్న విషయమని నవ్వాలో, అంత పెద్ద విషయాన్ని తాను పాడుచేశానని ఏడవాలో తెలియక, జేబులోంచి డబ్బా తీసి చాచాడు.

"ఇంకో తప్పు కూడా జరిగింది బాబూ. తగ్గిద్దామని మెట్లు దిగాను. అది మళ్ళీ పెరిగింది."

"మెట్లు దిగితే తగ్గుతుందనుకున్నారా?" అన్నాడు అల్లుడు.

"ఎక్కితే పెరిగింది కదా మరి."

అల్లుడి దగ్గర్నించి ఒక వింత శబ్దం వచ్చింది. చీకట్లో అది దగ్గో నవ్వో లిఫ్టాయన పోల్చుకోలేకపోయాడు. తర్వాత తెర వెలుగు అతని మొహం మీద పడింది. మింకారోస్‌ని పక్కకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు, మళ్ళీ పక్కకి తిప్పాడు.

"కొమ్ముల వెనకాల చెవులు లేచే ఉన్నాయండీ" అన్నాడు మెల్లిగా. "బొమ్మల్లో ఎప్పుడూ ఎదురుగానే చూశాను. కొమ్ములు అడ్డం. ఇవి లేచే ఉన్నాయి."

"బాగుందా?" అన్నాడు లిఫ్టాయన.

అల్లుడు చాలాసేపు చూశాడు. "తెలీట్లేదండీ" అన్నాడు. అతని నోట అది బాగుందండీ కాదు, పర్లేదండీ కాదు. లిఫ్టాయన ఇనప చట్రం తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ మాటని జాగ్రత్తగా మనసులో దాచుకున్నాడు.

బయల్దేరుతుంటే అల్లుడు లిఫ్టు దాకా వచ్చాడు. చేతిలో డబ్బా ఉంది. ఏవో మీటలు నొక్కి, కొమ్ములదాన్ని తన ఫోనులోకి దింపుకుని, డబ్బాలోకి ఇంకోటి ఎక్కించాడు. తెర మీద మచ్చల గుడ్డు.

"ఇందులోంచి కొత్త మింకూ వస్తుందండీ. కప్పుకి ఇంకా సమయం ఉంది. మీరు మోస్తారా?"

"నేనా?"

"మీ అంత నడిచేవాళ్ళు ఎవరున్నారండీ. మెట్లు ఎక్కినా పర్లేదు, దిగినా పర్లేదు" అన్నాడు అల్లుడు. మొహం మామూలుగానే ఉంది గానీ పెదవి చివర ఏదో కదిలింది. అది ఎకసెక్కమేమోనని లిఫ్టాయనకి అనుమానం వచ్చి ఒళ్ళు పులకరించింది.

డబ్బా నడుముకి తగిలించుకుని లిఫ్టెక్కాడు. కింది అంతస్తు మీట నొక్కాడు. తలుపు మూసుకోవడం మొదలైంది.

"ఇది కూడా మెరుస్తుంది. ఎదుగుతానంటుంది" అన్నాడు అల్లుడు బయటి నించి. ఒక్క క్షణం ఆలోచించాడు. "కానీ" అన్నాడు.

తలుపు రెండు రెక్కలూ దగ్గరికొచ్చేశాయి. సన్నటి సందు మిగిలింది. లిఫ్టాయన చెప్పుతో సహా కాలు అందులో పెట్టేశాడు. తలుపు టకటకలాడి, మూలిగి, మళ్ళీ తెరుచుకుంది.

"ఏ కానీ రా అబ్బాయ్?" అన్నాడు.

అల్లుడు తల గోక్కున్నాడు. గుడ్డు వంక చూశాడు. "అదే ఆలోచిస్తున్నా మావయ్యా" అన్నాడు.

లిఫ్టాయన కాలు తీయకుండా నిలబడ్డాడు. తలుపు మూయబోయి కాలికి కొట్టుకుంటోంది, తెరుచుకుంటోంది, మళ్ళీ మూయబోతోంది. లిఫ్టులో గంట మోగడం మొదలైంది. కింద నించెవరో గొయ్యిలోకి గొంతు చించుకుని కేకేశారు, "తలుపులో కాలు పెట్టిందెవరయ్యా?" అని.

ఎవడో బుద్ధిలేనివాడై ఉంటాడనుకుని లిఫ్టాయన అల్లుడి నోటి వంకే చూస్తున్నాడు.